బొమ్మల విడిభాగాలు: ఇంటి అచ్చులతో తయారీ

నిర్వచనం, పరిధి

విరిగిన, పోయిన, లేదా శిథిలమైన బొమ్మ అవయవం స్థానంలో అమర్చడానికి, ఇంట్లోనే చేసుకొన్న అచ్చులో పోసి గానీ ఒత్తి గానీ తయారుచేసే చేయి, కాలు, తల, వేళ్లు, చెవి వంటివి ఈ వ్యాస విషయం. ఈ పనిలో మూడు వస్తువులు ఉంటాయి. ఆకారాన్ని ఇచ్చేది మూలభాగం. దాని ఉపరితలాన్ని తిరగేసిన రూపంలో పట్టుకొనేది అచ్చు. అచ్చులోంచి వచ్చే నకలు పోత. మూలభాగం అదే బొమ్మకు మిగిలి ఉన్న అవయవం కావచ్చు, అదే రకం ఇంకో బొమ్మది కావచ్చు, మట్టితో కొత్తగా మలచినదీ కావచ్చు. కర్మాగారాల ఉక్కు అచ్చులు, చెక్కడం ద్వారా చేసే అవయవాలు ఈ పరిధిలోకి రావు (చూ. కొయ్యబొమ్మలు).

అచ్చు మూలభాగపు ఉపరితలాన్ని వేలిముద్రంత సూక్ష్మంగా పట్టుకొంటుంది. అయినా నకలు కొలత, కుడి ఎడమల తేడా, బలం అనే మూడు విషయాల్లో అచ్చు ఏ హామీ ఇవ్వదు. ఇంటి పనిలో ఎదురయ్యే వైఫల్యాల్లో చాలా భాగం ఈ మూడింటిలో ఒకదాన్ని ముందే లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చేవే.

చరిత్ర

బొమ్మ అవయవాలను విడివిడిగా చేసి కూర్చడం ప్రాచీన పద్ధతి. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో గ్రీసులోని కొరింథు కుమ్మరులు అచ్చులో తీసిన మట్టి మొండేలకు చేతులు, కాళ్లు విడిగా చేసి, తీగతోనో దారంతోనో కదిలేలా కట్టేవారు. తెలుగు నేల మీద అచ్చుపనికి పాత సాక్ష్యం ప్రస్తుత సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్. 1940వ దశకం తొలినాళ్లలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ అక్కడ జరిపిన తవ్వకాల్లో సాతవాహన కాలపు మట్టి బొమ్మలు, తెల్లని కేయొలిన్ మట్టి బొమ్మలు బయటపడ్డాయి. ముందు భాగానికి ఒకటి, వెనుక భాగానికి ఒకటిగా రెండు అచ్చుల్లో ఒత్తి, మధ్య బోలుగా ఉండేటట్టు అతికినవి వాటిలో ఉన్నాయి. నేడు ఇంట్లో సిలికోన్‌తో చేసే రెండు ముక్కల అచ్చుకు మూలసూత్రం ఇదే.

19వ శతాబ్దంలో జర్మనీలోని తురింగియా ప్రాంతం, ముఖ్యంగా సోనెబర్గ్ పట్టణం, బొమ్మల పరిశ్రమకు కేంద్రమైంది. అక్కడ కాగితపు గుజ్జు తలలను, తరువాత పింగాణీ తలలను అచ్చుల్లో తీసి విడిగా అమ్మేవారు. వాటిని కొన్నవారు గుడ్డ మొండేన్ని ఇంట్లో కుట్టుకొని అమర్చుకొనేవారు. అంటే విడిభాగం అనే భావన మరమ్మతు అవసరం కంటే ముందు అమ్మకపు పద్ధతిగానే ఇళ్లలోకి వచ్చింది. విరిగిన బొమ్మలను బాగుచేసే దుకాణాలకు ఐరోపాలో బొమ్మల ఆసుపత్రులని పేరు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1830లో మొదలైన అటువంటి ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ బొమ్మల ఎగుమతి ఆగిపోవడంతో జపానులో మొరిమురా వంటి సంస్థలు పింగాణీ బొమ్మల తయారీలోకి దిగాయి. అమెరికాలో రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చుల్లో ఒత్తిన కంపోజిషన్ బొమ్మలు 1940ల దాకా రాజ్యమేలాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత గట్టి ప్లాస్టిక్, ఆపైన వినైల్ వచ్చాయి.

ఇంటి అచ్చుపనిని నిజంగా మార్చినది గది ఉష్ణోగ్రత వద్దే గట్టిపడే సిలికోన్ రబ్బరు. 1980లలో జపాను అభిరుచికారులు సిలికోన్ అచ్చుల్లో పాలియూరిథేన్ రెసిన్ పోసి, కొద్దిసంఖ్యలో నమూనా బొమ్మలు చేసి అమ్మసాగారు. గరాజ్ కిట్లనే ఆ ఒరవడి నుంచి ఎదిగిన క్యోటో సంస్థ వోక్స్ 1999లో సూపర్ డాల్ఫీ పేరుతో గోళపు కీళ్ల రెసిన్ బొమ్మను విడుదల చేసింది. చేతులు, పాదాలు, ముఖాలు మార్చుకొనే వీలున్న ఆ తరహా బొమ్మలతో విడిభాగాల తయారీ ఒక ప్రత్యేక అభిరుచిగా స్థిరపడింది.

అచ్చు రకాలు

ఒత్తు అచ్చు అన్నిటికన్నా సులువైనది. మూలభాగాన్ని సగం దాకా మెత్తని పదార్థంలో ఒత్తి తీస్తే మిగిలే గుంటే అచ్చు. వెనుక భాగం చదునుగా ఉండే చెవి, ముఖం, నగ, పాదపు పైభాగం వంటివాటికి ఇది చాలు. గుండ్రని అవయవాలకు రెండు ముక్కల అచ్చు అవసరం. చెయ్యీ వేళ్లూ ఒకే దిక్కుకు తిరగని క్లిష్టమైన ఆకారాలకు సిలికోన్ దిమ్మ మొత్తంలో మూలభాగాన్ని ముంచి, గట్టిపడ్డాక ఒక పక్క వంకరటింకరగా కోసి తీసే కోత అచ్చు వాడతారు. మూలభాగం మీద రబ్బరును పలుచగా పూతలు పూతలుగా వేసి, పైన ప్లాస్టర్ తొడుగు కట్టేది తొడుగు అచ్చు. తలల వంటి పెద్ద భాగాలకు ఇది పదార్థాన్ని ఆదా చేస్తుంది.

అచ్చు పదార్థాలు

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడి చేస్తే అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి మిగిలే పొడి ఇది. మళ్లీ నీరు చేరగానే స్ఫటికాలుగా పెనవేసుకొని గట్టిపడుతుంది. బరువు ప్రకారం 100 పాళ్ల పొడికి 70 పాళ్ల నీరు సాధారణ కొలత. పొడినే నీళ్లలో చల్లాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఉండలు కడుతుంది. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ కుంచించుకుపోదు, ఏ కొంచెమో వ్యాకోచిస్తుంది. అచ్చుకు ఇది మంచి గుణం. వంగకపోవడం దాని లోపం. మూలభాగంలో ఎక్కడైనా లోవంపు, అంటే అచ్చును పట్టేసి బయటికి రానివ్వని వంపు, ఉంటే ప్లాస్టరో, వేలో విరగక తప్పదు.

సిలికోన్ రబ్బరు. తగరం ఉత్ప్రేరకంతో గట్టిపడేది, ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడేది అని ఇవి రెండు తెగలు. మొదటిది చవక, కాని కాలక్రమంలో కొద్దిగా కుంచించుకుపోతుంది, కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది. రెండోది కొలత చెడకుండా నిలుస్తుంది. అయితే గంధకం, తగరపు సమ్మేళనాలు తగిలితే గట్టిపడదు. గంధకం కలిసిన నమూనా మట్టి మీద, రబ్బరుపాల చేతితొడుగులు తగిలినచోట, కాంతితో గట్టిపరచే రెసిన్ ముద్రణల మీద ప్లాటినం సిలికోన్ జిగటగా ఉండిపోవడానికి ఇలాంటి నిరోధాలే కారణం. మూలభాగం మీద కనబడని మూల ఒక చుక్క వేసి చూసుకోవడం తప్పనిసరి.

సీలెంట్ అచ్చు. కిటికీల సందులు పూడ్చే, వెనిగర్ వాసన వేసే సిలికోన్ సీలెంటుతో చేసేది. ఇది గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి మందంగా వేస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. మొక్కజొన్న గంజిపొడి కలిపితే ఆ పొడితో పాటు తేమ లోపలికి చేరి ముద్ద అంతా గట్టిపడుతుంది. చిన్న చేయో పాదమో ఒకటి రెండు సార్లు తీయడానికి ఇంతకన్నా చవకైన మన్నికైన అచ్చు లేదు. గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుంది కాబట్టి లోహపు కొక్కేలున్న మూలభాగాల మీద దీన్ని వాడరాదు.

ఇతర పదార్థాలు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, దంతవైద్యులు కొలతలు తీయడానికి వాడేది, నిమిషాల్లో పని ముగిస్తుంది. కాని కొద్ది గంటల్లోనే ఎండి ముడుచుకుపోతుంది. వేడినీటిలో మెత్తబడి చల్లారాక రబ్బరులా బిగిసే కడ్డీలు ఒత్తు అచ్చులకు అనుకూలం. వాటిని కరిగించి మళ్లీ మళ్లీ వాడవచ్చు. రబ్బరుపాలు తొడుగు అచ్చులకు పనికొస్తాయి, కాని పూత పూతకూ ఆరనివ్వాలి.

పోత పదార్థాలు

రెండు ద్రవాలను కలిపితే నిమిషాల్లో గట్టిపడే పాలియూరిథేన్ రెసిన్ వేళ్లవంటి సన్నని భాగాలకు బాగా నప్పుతుంది. దాని సంకోచం సాధారణంగా ఒక శాతానికి లోపే. ఎపాక్సీ రెసిన్ నెమ్మదిగా గట్టిపడుతుంది, అంతకన్నా గట్టిగా అతుకుతుంది. పైపుల లీకులు పూడ్చడానికి ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎం-సీల్ తరహా ఎపాక్సీ ముద్దను ఒత్తు అచ్చులో వాడవచ్చు. పాలిమర్ మట్టిని అచ్చులో ఒత్తి తీసి, దాని పొట్లం మీద సూచించిన వేడిలో, సాధారణంగా 110 నుంచి 130 డిగ్రీల మధ్య, కాల్చాలి. గాలికి ఆరే మట్టి, కాగితపు గుజ్జు, ఫెవికాల్ వంటి జిగురులో మొక్కజొన్న గంజిపొడి కలిపి చేసే ముద్ద చవకైనవే. అయితే ఆరేకొద్దీ ఇవన్నీ చెప్పుకోదగినంత కుంచించుకుపోతాయి.

కొండపల్లి బొమ్మల పనిలో వాడే మక్కు కూడా ఈ కోవలోదే. చింతగింజల పొడితో చేసిన జిగురులో మెత్తని రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, మక్కుతో అతికి, సందులు పూడ్చి, ఆ మీద రంగు వేస్తారు. అక్కడ మక్కు ప్రధానంగా అతుకు పదార్థం. జపానులో హినా బొమ్మల సంప్రదాయంలో పౌలోనియా కర్ర పొట్టును గోధుమ గంజితో కలిపిన ముద్దను ఏకంగా అచ్చుల్లో ఒత్తి తలలు తీసి, పైన గుల్లసున్నం పూతలు వేసేవారు. పాత కొండపల్లి బొమ్మకు చెయ్యి పోయినప్పుడు రెసిన్ బదులు మక్కునే ఒత్తు అచ్చులో వాడడం మేలు. కర్రతో పాటే తేమకు ఉబ్బి ఎండకు తగ్గుతుంది, రంగునూ అదే తీరున పట్టుకొంటుంది (చూ. కొండపల్లి బొమ్మలు).

పని విధానం: రెండు ముక్కల అచ్చులో ఒక చెయ్యి

మూలభాగాన్ని ముందు శుభ్రం చేసి, రంధ్రాలు, కొక్కెం ఉన్న గుంట, విరిగిన అంచు మట్టితో పూడ్చాలి. తరువాత అతుకు గీత నిర్ణయించాలి. చేతికి ఇది బొటనవేలి అంచు మీదుగా పోయి, చిటికెనవేలి అంచు మీదుగా తిరిగి మణికట్టు చేరాలి. వేళ్ల మధ్య సందుల్లో గీత ఎక్కడ పోతుందో పెన్సిలుతో గీసుకోవాలి. చేతి పని బాగా రావడం, రాకపోవడం ఈ ఒక్క గీత మీదే ఆధారపడుతుంది.

గీత దాకా చేతిని గంధకం లేని మట్టిలో పూడ్చి, చుట్టూ మట్టిని నునుపుగా, చేతికి లంబంగా తాకేలా సర్దాలి. ఆ మట్టిలో పెన్ను వెనుకతో నాలుగైదు చిన్న గుంటలు నొక్కాలి. రెండు ముక్కలూ జారకుండా ఒకదానిలో ఒకటి కూర్చునేలా చేసేవి ఇవే. చుట్టూ అట్టతో గోడ కట్టి, ముందు కుంచెతో సిలికోన్‌ను వేళ్ల సందుల్లోకి పూతగా వేసి, ఆపైన మిగతాది ఒక మూలనుంచి సన్నని ధారగా పోయాలి. సన్నని ధారలో గాలి బుడగలు సాగి పగిలిపోతాయి. గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసేసి, బయటపడ్డ సిలికోన్ అంచుకు వేజిలిన్ పలుచగా రాయాలి. రాయకపోతే రెండో సగం మొదటి సగంతో ఏకమైపోతుంది. సిలికోన్‌కు మిగిలిన పదార్థాల్లో చాలావరకు గట్టిగా అంటవు, సిలికోన్ మాత్రం సిలికోన్‌ను వదలదు.

రెండో సగం కూడా గట్టిపడ్డాక ముక్కలు విడదీసి, మణికట్టు వైపు పోత ద్వారం, ప్రతి వేలి కొననుంచీ సూదంత సన్నని గాలి దారి కోయాలి. గాలికి దారి లేని వేలి కొన పోతలో ఎప్పుడూ మొండిగా వస్తుంది. అచ్చు లోపల కొద్దిగా టాల్కం పొడి చల్లి దులిపితే రెసిన్ అంచుల్లోకి సులువుగా జారుతుంది. ముక్కలను రెండు అట్టల మధ్య పెట్టి రబ్బరు బ్యాండ్లు వేయాలి. మరీ బిగిస్తే అచ్చు నొక్కుకుపోయి చెయ్యి పలుచబడుతుంది. పోత గట్టిపడ్డాక అతుకు గీత వెంట మిగిలిన పొరను బ్లేడుతో తీసి, తడి ఎమరీ కాగితంతో రుద్దాలి.

ఎలాస్టిక్ తాడుతో బిగించే బొమ్మలకు తీగ కొక్కేన్ని పోత పోసేటప్పుడే లోపల నిలపాలి. తరువాత తొలిచి పెట్టినది తాడు లాగుడుకు ఊడివస్తుంది. గుడ్డ మొండెం ఉన్న బొమ్మల చేతికి పైభాగంలో చుట్టూ గాడి ఉండాలి, దారం బిగిసేది అందులోనే.

పింగాణీ భాగాలు, కొలత లెక్క

మెరుపుపూత లేని పింగాణీ భాగాలకు ప్లాస్టర్ అచ్చు తప్ప మరొకటి పనికిరాదు. పలుచని పింగాణీ మట్టి ద్రవాన్ని అచ్చులో నింపితే ప్లాస్టర్ అందులోని నీటిని పీల్చుకొని, గోడ పొడవునా మట్టిని పొరగా నిలబెడుతుంది. కావలసిన మందం రాగానే మిగిలిన ద్రవాన్ని ఒంపేస్తారు. ఎండి కాలే క్రమంలో ఆ భాగం 12 నుంచి 20 శాతం దాకా కుంచించుకుపోతుంది. 10 సెంటీమీటర్ల పాత చేతిపై అచ్చు తీసి, 15 శాతం సంకోచించే మట్టితో పోస్తే వచ్చేది 8.5 సెంటీమీటర్ల చెయ్యి. 10 సెంటీమీటర్లు రావాలంటే మూలభాగం దాదాపు 11.8 సెంటీమీటర్లు ఉండాలి. పాత బొమ్మనుంచి అచ్చు తీసి చేసిన పింగాణీ నకళ్లు అసలుకన్నా చిన్నవిగా ఉండడానికి కారణం ఇదే. సేకరణకర్తలు నకలును పట్టుకొనే గుర్తుల్లో ఇదొకటి.

పింగాణీకి 1200 డిగ్రీలు దాటిన బట్టీ కావాలి. అందువల్ల ఇంట్లో పింగాణీ చేతిని పింగాణీతోనే చేయాలనే పట్టుదల సాధారణంగా వృథా. ఎపాక్సీ లేదా పాలియూరిథేన్ పోతకు కాంతిలేని రంగు వేసి జత కలపడమే ఆచరణీయం.

కుడి ఎడమల సమస్య

ఎడమ చెయ్యి ఉండి కుడి చెయ్యి పోతే, ఉన్నదాని నుంచి ఎన్ని అచ్చులు తీసినా ఎడమ చేతులే వస్తాయి. దీనికి మూడు దారులున్నాయి. ఎడమ చేతిని పాలిమర్ మట్టితో నకలు తీసి, గట్టిపడక ముందే బొటనవేలిని రెండో పక్కకు మార్చి మలచడం మొదటిది. పిడికిలి బిగించిన చేతులకు ఇది కుదరదు. అదే తయారీ బొమ్మ ఇంకెవరి దగ్గరైనా ఉంటే దాని మీద అచ్చు తీసుకోవడం రెండోది. ఫోటోలనుంచి గానీ స్కానరుతో గానీ త్రిమితీయ రూపం తయారుచేసి, కంప్యూటరులో అద్దపు ప్రతిబింబంగా తిప్పి ముద్రించి, ఆ ముద్రణ మీద అచ్చు తీయడం మూడోది. సంకోచానికి తగినంత పెంచుకొనే వీలు కూడా ఇందులోనే ఉంది.

కొలువు బొమ్మల మరమ్మతు

సంక్రాంతికో దసరాకో అటక దిగి, మళ్లీ అటకెక్కే కొలువు బొమ్మలకు మణికట్లు, వేళ్లు, వీణ కొన, వేణువు ముందుగా విరుగుతాయి. మట్టివి, కాగితపు గుజ్జువి, ప్లాస్టర్‌వి కలిసి ఉంటాయి కాబట్టి మొదట పదార్థాన్ని గుర్తించాలి. విరిగినచోట పోగులు కనిపిస్తే కాగితపు గుజ్జు, పొడి రాలుతూ తెల్లగా ఉంటే ప్లాస్టర్, ఎర్రగా ఉంటే కాల్చిన మట్టి. కాగితపు గుజ్జు మీద తడి ప్లాస్టర్ అచ్చు వేస్తే బొమ్మ ఉబ్బి రంగు లేస్తుంది. వీటికి ఒత్తు అచ్చే క్షేమం. పెళ్లి బృందం, దశావతారాలు వంటి సెట్లలో ఒకే భంగిమలో ఉన్న పక్క బొమ్మ చెయ్యే తరచు సరైన మూలభాగం అవుతుంది (చూ. బొమ్మల కొలువు).

మూలభాగానికి ప్రమాదాలు

అచ్చు తీయడం మూలభాగానికి హాని లేని పని అనుకోవడం పొరపాటు. మెరుపుపూత లేని పింగాణీలోకి సిలికోన్ నూనె ఇంకి, పోని మరక మిగులుస్తుంది. కంపోజిషన్ బొమ్మల పైపూత తడికి పగుళ్లు తీస్తుంది. సెల్యులాయిడ్ సులభంగా మంటలంటుకొనే పదార్థం, వేడి అవసరమైన ఏ పద్ధతీ దాని దగ్గరికి రాకూడదు. పాత వినైల్ నుంచి మెత్తదనమిచ్చే నూనెలు పైకి వచ్చి అచ్చులో కలుస్తాయి. సంరక్షకులు మూలభాగం మీద ముందుగా తరువాత తొలగించగల పూత, ఉదాహరణకు పారలాయిడ్ బీ-72, వేస్తారు. అరుదైన బొమ్మ అయితే అసలు మీద అచ్చు తీయకపోవడమే మంచిది.

ఆరోగ్య భద్రత

పాలియూరిథేన్ రెసిన్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించగలవు. ఎపాక్సీ పదేపదే తగిలితే చర్మం వాస్తుంది. పింగాణీ మట్టి పొడిలోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. కిటికీలు తెరచి, నైట్రైల్ తొడుగులు, తగిన ముసుగు ధరించి, రుద్దేది తడిగానే రుద్దాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, పొడిగా గీకకూడదు. గట్టిపడే ప్లాస్టర్ కాలేంత వేడెక్కుతుంది. అందుకే పిల్లల చేతులను మందమైన ప్లాస్టర్‌లో ముంచడం ప్రమాదకరం. వంటింటి గిన్నెలు ఈ పనికి వాడితే తిరిగి వంటకు వాడరాదు.

చట్టం, నైతికత

భారత కాపీరైటు చట్టం, 1957 శిల్పం నిర్వచనంలో పోతలను, అచ్చులను కూడా చేర్చింది. డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయదగినదై ఉండి నమోదు కాని రూపాన్ని హక్కుదారు గానీ, ఆయన అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామికంగా 50 సార్లకు మించి తీస్తే దానిపై కాపీరైటు పోతుందని అదే చట్టం చెబుతోంది. సొంత బొమ్మకు ఒక చెయ్యి చేసుకోవడం వేరు, నేటి కళాకారుల తలలను అచ్చుపోసి అమ్మడం వేరు. రెండోది గోళపు కీళ్ల బొమ్మల లోకంలో తీవ్రంగా నిరసించే పని. ఆటబొమ్మల అమ్మకానికి మన దేశంలో 2021 జనవరి 1 నుంచి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల వస్తువులకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది.

పాత బొమ్మను అమ్మేటప్పుడు మార్చిన భాగాన్ని చెప్పకుండా దాచడం మోసమే. కొత్త భాగం లోపలి వైపున, అమర్చకముందే, సంవత్సరం గీసి ఉంచాలి. విడివడిన అసలు ముక్క ఎంత చిన్నదైనా కాగితంలో చుట్టి బొమ్మతో పాటే భద్రపరచండి. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే పని మొదలుపెట్టవలసింది ఆ ముక్క నుంచే.